మా తమ్ముడి ఛాతీలో కట్టిన బిళ్ళ

కువైట్ వీసాకు మెడికల్ చేయించుకోవాలని పోయినేడాది మా తమ్ముడు చెన్నై వెళ్ళాడు. సాయంత్రం ఫోన్ చేసి "అన్‌ఫిట్ అంటున్నారక్కా" అన్నాడు. ఎక్స్‌రేలో కుడివైపు, గుండె పక్కన ఊపిరితిత్తి మొదట్లో ఏదో మసగ్గా ఉందట. వాడికి దగ్గు లేదు, జ్వరం లేదు. చిత్తూరు మామిడి మండీలో సీజనంతా తోతాపురి లోడ్ల లెక్కలు రాసి, మధ్యాహ్నం రెండు సంగటి ముద్దలు లాగించి మళ్ళీ పనిలో కూర్చునే మనిషి.

ఊళ్ళో చూపిస్తే టీబీ అన్నారు. కళ్ళె పరీక్షలో ఏమీ రాలేదు, టీబీ క్రిమి జన్యువులు వెతికే సీబీనాట్ పరీక్ష కూడా నెగెటివే. అయినా మందులు మొదలుపెట్టారు. మన దగ్గర ఛాతీలో గ్రంథులు వాచాయంటే ముందు టీబీనే అనుకుంటారు, అలా అనుకోవడం తప్పని నేననను. కానీ రుజువు లేకుండా మొదలుపెట్టినప్పుడు, నెల తిరిగేసరికి ఎవరో ఒకరు ఫిల్మ్ మళ్ళీ చూడాలి కదా! రెండు నెలలు వాడు ఆ మాత్రలు మింగాడు, మూత్రం నారింజ రంగులో పోతోందని భయపడ్డాడు (అది రిఫాంపిసిన్ రంగు, ముందే చెప్పుంటే సరిపోయేది), అన్నం చూస్తేనే వాంతి అనేవాడు, అమ్మ వాడి కంచం గ్లాసు వేరుగా పెట్టేసింది. రెండు నెలల తర్వాత ఎక్స్‌రే తీస్తే ఆ మసక చెక్కుచెదరలేదు.

అప్పుడు తిరుపతిలో కాంట్రాస్ట్ సీటీ, అంటే నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్, తీయించాం. 5 సెంటీమీటర్లకు పైనే ఉన్న ఒకే ఒక్క ముద్ద. రిపోర్ట్ ఇచ్చినాయన మమ్మల్ని పిలిచి తెర మీద చూపించాడు. టీబీ గ్రంథి అయితే చాలాసార్లు నడుమ కుళ్ళిపోయి నల్లగా ఉంటుంది, అంచు మాత్రమే వెలుగుతుందట. ఇది మొత్తంగా, దాదాపు పక్కనున్న రక్తనాళాలంత తెల్లగా వెలుగుతోంది. "దీంట్లోకి రక్తం బాగా పోతోందమ్మా, పరీక్షకు సూది గుచ్చి తీసే ముందు చెప్పండి" అన్నాడు. ఆ మాట విలువ మాకు తర్వాత తెలిసింది.

సూదితో కాస్త తీసి పరీక్షించారు. 'రియాక్టివ్' అని వచ్చింది. క్యాన్సర్ కణాలు లేవన్నారని అమ్మ ఆ వారమే కాణిపాకం వెళ్ళి నూటొక్క కొబ్బరికాయ కొట్టి వచ్చింది. తీరా ఇంకో డాక్టర్ చూసి, రియాక్టివ్ అంటే గ్రంథి దేనికో స్పందిస్తోందని మాత్రమే అర్థం, దేనికో తెలియలేదు కదా, లింఫోమా (గ్రంథుల క్యాన్సర్) కాదని కూడా దీన్ని బట్టి చెప్పలేం అన్నాడు. ఆ రాత్రి నేను ఫోన్లో ఏవేవో చదువుకుంటూ మూడింటి దాకా పడుకోలేదు.

చిత్తూరు వాళ్ళకు పెద్ద జబ్బంటే వేలూరే, బస్సెక్కితే గంట చాలు. అక్కడి సర్జన్ సగం అరవం సగం తెలుగు మాట్లాడుతూ ఓపిగ్గా చెప్పాడు. సూదిలో వచ్చేది విడివిడి కణాలు. తను అనుమానిస్తున్న కాజిల్‌మన్ అనే గ్రంథుల జబ్బులో కణాలు విడిగా చూస్తే మామూలుగానే ఉంటాయి, తేడా అంతా అవి అమరిన తీరులో ఉంటుంది. అందుకే గ్రంథి మొత్తం, లేదా కనీసం పెద్ద ముక్క కావాలన్నాడు. నాకు సరిగ్గా ఎక్కలేదు గానీ అమ్మ వెంటనే అందుకుంది: "పిడికెడు ముగ్గుపిండి తెచ్చిచ్చి ఇది ఏం ముగ్గో చెప్పమంటే ఎవరు చెప్తార్రా?" డాక్టర్ నవ్వి, అదేనమ్మా అన్నాడు.

ఆపరేషన్‌కు ముందు ఒళ్ళంతా చూసే పెట్ సీటీ స్కాన్ తీసి ఇంకెక్కడా బిళ్ళలు కట్టలేదని చూసుకున్నారు. హెచ్‌ఐవీ పరీక్ష కూడా రాశారు. ఆ కాగితం చూసి వాడు ముఖం ముడుచుకున్నాడు. అనుమానపడి రాసింది కాదు, ఈ జబ్బులో ఒంట్లో చాలాచోట్ల గ్రంథులు వాచే రకం ఒకటుంది, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో అది వచ్చే అవకాశం ఎక్కువ, అందుకని. నెగెటివ్ వచ్చింది. ముందురోజే తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి ముద్దకు రక్తం తెచ్చే నాళాలు కొన్ని మూసేశారు. కెమెరాతో మొదలుపెట్టి, ముద్ద చుట్టూ అతుక్కుపోయి ఉందని పక్కటెముకల మధ్య తెరిచి తీశారు. అయినా రెండు సీసాల రక్తం ఎక్కించాల్సి వచ్చింది. తర్వాత నాలుగు రోజులు ఛాతీలో గొట్టం, చేతిలో ఆ మూడు బంతుల ఊదే డబ్బా. అది ఊదేది కాదు, పీల్చేది అని నర్సమ్మ రోజుకు పదిసార్లు అరిచేది.

రిపోర్ట్‌కు పది రోజులు పట్టింది. కాజిల్‌మన్ జబ్బు, హయలిన్ వాస్కులర్ రకం. గ్రంథిలోని గుండ్రటి గూళ్ళ చుట్టూ కణాలు ఉల్లిపొరల్లా వరుసలు కట్టి ఉంటాయట, ఒక రక్తనాళం నడిమికి గుచ్చుకుని పుల్ల ఐస్‌లా కనిపిస్తుందట. బోస్టన్‌లో బెంజమిన్ కాజిల్‌మన్ అనే పెథాలజిస్ట్ 1956లో ఛాతీలో ఇలాంటి గడ్డలున్న 13 మంది గురించి రాశాడు. ఆయన కూడా ముద్దలు కోసి సూక్ష్మదర్శిని కింద చూసే చెప్పాడు, దాదాపు డెబ్భై ఏళ్ళయినా ఆ ఒక్కటీ మారలేదు.

ఇది క్యాన్సర్ కాదు. మా వాడిలా ఒకే చోట ఉండి మొత్తం తీసేయగలిగితే చాలామందికి అంతటితో సరి, కీమో ఏమీ అక్కర్లేదు. చాలాచోట్ల వచ్చే రకం కథ వేరు. జ్వరం, చెమటలు, రక్తం తగ్గడం, నీరు పట్టడం, ఐఎల్-6 అనే పదార్థం ఒంట్లో ఎక్కువై చేసే గోల. దానికి సిల్టుక్సిమాబ్ అనే ఇంజెక్షన్‌ను అమెరికాలో 2014లో ఆమోదించారు. ఆ రకమేమోనని మేము భయపడిన పది రోజులూ నేను చదివింది ఇదే.

ఇలాంటి ఫైలు పట్టుకుని తిరుగుతున్నవాళ్ళు ఉంటే ఒకటే చెప్తా. ఊరు మారేటప్పుడు రిపోర్ట్ కాగితంతో పాటు స్లైడులు, ముక్కను దాచిన మైనం బ్లాకు కూడా అడిగి తీసుకోండి. మాకు అది తెలియక సూది పరీక్ష స్లైడుల కోసం తిరుపతికి రెండుసార్లు తిరిగాం.

తమ్ముడు మళ్ళీ మండీకి పోతున్నాడు. బరువులెత్తడు, దగ్గితే ఇంకా కుట్టు దగ్గర లాగుతుందంటాడు. కువైట్ ఏజెంటు ఫోన్ చేస్తే అమ్మే తీసి, వాడు లేడని పెట్టేస్తోంది. వచ్చే నెల సీటీ ఉంది, ఈసారి క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష) ముందే చేయించుకుని పోవాలి, పోయినసారి మరచిపోయి అరపూట అక్కడే కూర్చున్నాం.