తాతా, నీళ్లు తగ్గినయ్

“నా ఫోన్ ఎక్కడుందో నువ్వు చూస్తావని నాకు తెలుసు అమ్మా. తాతకి తెలియదు. రెండూ ఒకటెలా అవుతాయి?”

పదమూడేళ్ల మా అమ్మాయి ఈ మాట అని, హైదరాబాద్‌లో మా నాన్న చేపల తొట్టి నుంచి మెసేజ్‌లు వచ్చే టెలిగ్రామ్ గ్రూప్‌లోంచి నన్ను తీసేసింది. ఆ మెసేజ్‌లతో ఆయన్ని గమనిస్తున్నానని తాతకి చెప్పేదాకా మళ్లీ చేర్చనంది. బతిమాలినా వినలేదు, కోప్పడినా వినలేదు. పిల్ల మాటలో న్యాయం ఉందని తెలుస్తూనే ఉంది, మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు.

మా నాన్న విద్యుత్ శాఖలో చేసి రిటైరయ్యారు. అమ్మ పోయాక విద్యానగర్ ఇంట్లో ఒక్కరే ఉంటారు. హాల్లో మూడడుగుల తొట్టి, దాన్నిండా మోలీలు, గప్పీలు. మేం డాలస్‌లో ఉంటాం. ఆదివారం వీడియో కాల్ అంటే మా అమ్మాయికి విసుగు. తిన్నావా, బాగా చదువుతున్నావా, ఎప్పుడొస్తున్నవ్ బిడ్డా – ఈ మూడు ప్రశ్నలూ అయిపోతే తాతకీ మాటల్లేవు, మనవరాలికీ మాటల్లేవు. ఒకసారి “నేను రాను, నువ్వే మాట్లాడుకో” అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆదివారం కాల్ మానేది లేదని నేను పట్టుబట్టాను. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను.

మే చివర్లో సెలవులివ్వగానే హైదరాబాద్ వెళ్లాం. రోహిణి కార్తె ఎండలు. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే తొట్టిలో చేపలన్నీ పైకొచ్చి నీళ్ల అంచున నోళ్లు తెరిచేవి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైన పట్టేది, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నర దాకా పడిపోతుంది. పైగా అదే సమయంలో గాలి పంపు ఆగిపోతుంది. నాన్న ఐస్ నీళ్ల సీసా ఒకటి తొట్టిలో తేలేసి, చెయ్యి ముంచి, “గరమైనయ్ నీళ్లు” అన్నారు. “ఎంత తాతా? ఎన్ని డిగ్రీలు?” అంది మా అమ్మాయి. ఆ ప్రశ్నతోనే పని మొదలైంది.

మర్నాడు ఇద్దరూ ఆటో ఎక్కి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లారు. సామాను ఎక్కువేం లేదు. ప్రోగ్రాం ఎక్కించుకునే, వైఫై లోపలే ఉండే చిన్న ఈఎస్‌పీ32 బోర్డు, నీళ్లలో ముంచే స్టీలు గొట్టంలో బిగించిన డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్, నీటిమట్టం తగ్గితే చెప్పే ఫ్లోట్ స్విచ్, 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్, దాన్ని ఆన్ ఆఫ్ చేసే చిన్న మాడ్యూల్, అడాప్టర్. అన్నీ కలిపి 1500 రూపాయల లోపే అయ్యాయి. కంపెనీవాళ్లు అమ్మే అక్వేరియం కంట్రోలర్ కొనాలంటే వందల డాలర్లు పెట్టాలి. నీళ్ల ఆమ్లత్వం చూపే పీహెచ్ సెన్సర్ కూడా తెద్దామని పిల్ల అడిగిందట. దానికి తరచూ, పీహెచ్ ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచూసుకోవాలి, ప్రోబ్ ఎండిపోకుండా కాపాడాలి, అయినా కొన్నాళ్లకు మార్చక తప్పదు. నెలకోసారి చుక్కల మందుతో పరీక్ష చేసుకుంటే చాలని నాన్న వద్దన్నారు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా సంగతీ అంతే. నమ్మదగ్గ చవక సెన్సర్ లేదు కాబట్టి దానికీ చుక్కల పరీక్షే.

సెన్సర్ విషయంలో మా అమ్మాయికి ఒక సంబరం. దాన్ని మొదట తయారుచేసింది మా ఊరి కంపెనీ, డాలస్ సెమీకండక్టర్. 2001లో మాక్సిమ్ ఆ కంపెనీని కొనేసినా, ఆ సెన్సర్ కోసం అందరూ వాడే రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ) పేరు ఇప్పటికీ డాలస్ టెంపరేచరే. “తాతా, మా ఊరు మీ తొట్టిలో ఉంది” అని గెంతింది.

ఆ సంబరం కాసేపే. ప్రోగ్రాం ఎక్కించగానే స్క్రీన్ మీద మైనస్ 127 డిగ్రీలు అని వచ్చింది. తీసి పెట్టినా అదే, మళ్లీ ఎక్కించినా అదే. కోడ్‌లో తప్పుందని పిల్ల లాప్‌టాప్ వదలదు. నాన్న కళ్లద్దాలు పైకి తోసుకుని, టార్చి వేసి, వైర్లు గుచ్చే రంధ్రాలున్న బ్రెడ్‌బోర్డ్ మీద వైరు వెంట వైరు వేలితో చూసుకుంటూ పోయారు. “ఈ రెసిస్టర్ రంగులు చదువు” అన్నారు. “ఎల్లో... పసుపు. ఇదేంటి, పర్పుల్?” “ఊదా.” “ఊదా. ఎరుపు.” “నాలుగు, ఏడు, రెండు సున్నాలు. 4700 ఓములు. రెసిస్టర్ సరైందే. కానీ డేటా తీగె ఈ వరుసల ఉంది, ఇది పక్క వరుసల కూసుంది.” ఒక్క రంధ్రం జరిపి పెట్టారు. డేటా తీగెను 3.3 వోల్టులకు కలిపే ఆ రెసిస్టర్ లేకపోతే బోర్డుకు సెన్సర్ కనబడదు, కనబడనప్పుడు ఆ లైబ్రరీ ఇచ్చే అంకె మైనస్ 127. జరిపిన వెంటనే 31.8 అని వచ్చింది. తాత చెయ్యి ముంచి “గరమైనయ్” అన్న నీళ్లకు అంకె దొరికింది. ఇద్దరి మొహాలూ నేను వంటింటి గుమ్మం నుంచి చూశాను. అన్ని ఆదివారాలు పట్టుబట్టి కూర్చోబెట్టినా నాకు కనబడని మొహాలవి.

230 వోల్టుల జోలికి మాత్రం నాన్న వెళ్లనివ్వలేదు. బోర్డుతో ఆడించేది 12 వోల్టుల ఫ్యాన్ ఒక్కటే. తొట్టి ప్లగ్గులకు వెళ్లే లైనుకు కరెంటు లీకైతే లైను వెంటనే తెగ్గొట్టే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించారు. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా కట్టించారు, వైరు వెంట జారిన నీటి చుక్క అక్కడే కింద పడాలని. ఫ్యాన్ 29 దగ్గర తిరుగుతుంది, 28 దగ్గర ఆగుతుంది. ఆ ఒక్క డిగ్రీ తేడా లేకపోతే నిమిషానికోసారి ఆన్ ఆఫ్ అవుతూ ఉంటుందని తాతకు పిల్లే వివరించింది. నాన్న తలూపుతూ విన్నారు. నలభై ఏళ్లు ఆన్ ఆఫ్ చేసే స్విచ్‌లతోనే, రిలేలతోనే పనిచేసిన మనిషి!

మెసేజ్‌లు తెలుగులో ఉండాలన్నది కూడా మా అమ్మాయి ఆలోచనే. “తాతా, నీళ్లు తగ్గినయ్.” “తాతా, నీళ్లు నిండినయ్.” నేను ఏళ్ల తరబడి కూర్చోబెట్టి నేర్పిన తెలుగులో “తగ్గినయ్” లేదు. తాత పక్కన కూర్చుని పట్టుకొచ్చింది.

అందుకే, పరాయి దేశంలో పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్లకు గట్టిగా చెబుతాను. మాట్లాడమని పిల్లల్ని ఫోను ముందు కూర్చోబెట్టడంతో ఆగిపోకండి. కొంత తాతలకే తెలిసి, కొంత పిల్లలకే వచ్చే పని ఒకటి వెతికి ఇద్దరి మధ్యా పెట్టండి. చేపల తొట్టే కానక్కర్లేదు. మిద్దె మీద మొక్కలకు నీళ్లు పెట్టే ఏర్పాటైనా సరే. ఇంతవరకు నాకు అనుమానం లేదు. దీని తర్వాత జరిగిందే నాకు కొరుకుడు పడటం లేదు.

ఫ్యాన్ నీళ్లను చల్లబరిచేది వాటిని ఆవిరి చేసే. అంటే ఎంత చల్లబడితే అంత తగ్గుతాయి. రాత్రి బకెట్లో పట్టి ఉంచిన నల్లా నీళ్లు నాన్న పొద్దున్నే లేచి మగ్గుతో పోస్తారు. అక్కడ పొద్దున ఆరంటే మాకు వేసవిలో ముందు రోజు సాయంత్రం ఏడున్నర, అన్నాలు తినే వేళ. భోజనాల దగ్గర ఫోన్ ముట్టుకోవద్దని మా ఇంట్లో కచ్చితమైన నియమం. ఆ ఒక్క మెసేజ్‌కి మాత్రం నేనే సడలించాను. “నీళ్లు నిండినయ్” అని రాగానే ముద్ద తేలిగ్గా దిగేది. నాన్న లేచారు, బాగున్నారు, వంగి నీళ్లు పోయగలిగారు.

ఒక రోజు “తగ్గినయ్” వచ్చింది గానీ “నిండినయ్” ఎంతకీ రాలేదు. అర్ధరాత్రి దాకా చూసి ఫోన్ చేశాను. నాన్నకు జ్వరం. ఎవరికీ చెప్పలేదు. పక్కింటి ఆంటీకి ఫోన్ చేసి డాక్టర్ దగ్గరికి పంపించాను. ఆ రోజు నుంచి ఉష్ణోగ్రత గ్రాఫ్ నాకు అక్కర్లేకపోయింది. మగ్గు నీళ్ల మెసేజ్ కోసమే ఎదురుచూసేదాన్ని.

ఇంతలో మా అమ్మాయి కొత్త ప్లాన్ తెచ్చింది. చిన్న పంపు, పక్కన బకెట్, నీళ్లు తగ్గితే అదే పోసుకుంటుంది. ఒక ఫ్లోట్ ఇరుక్కుపోతే ఇల్లంతా నీళ్లవుతాయని పైన రెండో ఫ్లోట్ కూడా గీసింది. తాతకి నడుం నొప్పి, మగ్గుతో వంగడం దేనికంది. నేను వద్దన్నాను. ఎందుకంటే చెప్పలేదు. దేని కోసం వద్దంటున్నానో అది రెండు రోజుల్లో కనిపెట్టేసింది.

“అది చేపల కోసం పెట్టాం. నువ్వు దాంతో తాతని చూస్తున్నావు. తాతకి చెప్పలేదు.”

మేం పెరిగిన ఇళ్లలో ఇలాంటివి చెప్పి చేసేవి కావని నచ్చజెప్పబోయాను. విద్యానగర్లో ఇప్పటికీ పాల ప్యాకెట్ ఎనిమిదింటికి కూడా గేటుకే వేలాడుతుంటే ఆంటీ వచ్చి తలుపు తడుతుంది. దాన్ని ఎవరూ నిఘా అనరు, కనిపెట్టుకుని ఉండటం అంటారు. అమ్మ ఉన్నన్నాళ్లూ వీధి వీధినంతా ఆవిడా అలాగే కనిపెట్టుకుని ఉండేది.

“ఆంటీ చూస్తుందని తాతకి తెలుసు కదా?” అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇక్కడి బళ్లో నేర్చిన పట్టింపు ఇదని కొట్టిపారేద్దామనుకున్నాను. కానీ ఇది అక్కడి నుంచి వచ్చిందో, తాత పక్కన కూర్చున్న ఆ వేసవి నుంచి వచ్చిందో నాకు తెలియడం లేదు. తాత పరువు గురించి నాకంటే అదే ఎక్కువ ఆలోచిస్తోందేమో. జ్వరం వస్తే కూతురికి చెప్పకూడదనుకోవడం ఆయన ఇష్టం. ఆ ఇష్టాన్ని దాటి చూసే హక్కు నాకుందా? ఉందని రాత్రిపూట అనిపిస్తుంది. పొద్దున్నే సందేహం వస్తుంది.

చివరికి ఆదివారం కాల్‌లో చెప్పాను. మా అమ్మాయి నా పక్కనే కూర్చుంది. నాన్న కాసేపు మాట్లాడలేదు. “పంపు వద్దన్నది అందుకేనా?” అన్నారు. అవునన్నాను. “చూస్కో బిడ్డా, నాకేం అభ్యంతరం లేదు. పంపు గూడ పెట్టనియ్యి, నడుం నిజంగనే గుంజుతుంది. పొద్దున దాణా ఏసినప్పుడు నొక్కేటట్టు ఒక బటన్ పెట్టమను. దాణా మాత్రం నేనే ఏస్త.” అక్కడితో తేలిపోయిందనుకున్నాను. ఆయన మళ్లీ అన్నారు: “మరి మీ ఇంట్ల ఏమున్నది, నేను చూస్కునేతందుకు?”

ఏం కావాలి తాతా అని పిల్ల అడిగింది. “మీ అమ్మ పనికెళ్లి ఇంటికి ఎప్పుడొస్తుందో తెలిస్తే చాలు.”

రెండో బోర్డు ఆ వారమే సిద్ధమైంది. గరాజ్ తలుపుకు అయస్కాంతం, చట్రానికి, అయస్కాంతం దగ్గరుంటే కలిసే రీడ్ స్విచ్. ఫ్లోట్ లోపల ఉండేదీ ఇదేనట. తలుపు తెరుచుకుంటే విద్యానగర్లో మెసేజ్ మోగుతుంది. ఎవరి గురించి ఏం వెళుతుందో కాగితం మీద రాసి, ముగ్గురూ సరేనంటేనే ఆన్ చేస్తానని మా అమ్మాయి షరతు పెట్టింది. తాత సరేనన్నారు. తనూ సరేనంది. ఆఫీసులో తొమ్మిది దాటే రాత్రులు నాకు చాలానే ఉంటాయి. పెందలాడే ఇంటికొస్తున్నానని నాన్నకు ప్రతి ఆదివారం చెబుతాను, ఆయన టెన్షన్ పడకూడదని. కాగితం ఫ్రిజ్ మీద ఉంది. నేనింకా సరేననలేదు.