పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి

ఇంటర్ ఫస్టియర్‌లో దసరా సెలవులకని హాస్టల్ నుంచి ఇంటికొచ్చినదాన్ని మళ్లీ వెళ్లలేదు. అప్పుడు నాకు 16 ఏళ్లు. మొదట కడుపునొప్పి అన్నాను, నిజంగానే వచ్చేది. తర్వాత రోజంతా పడకే. తలలో దువ్వెన పెట్టి వారమయ్యేది. ఏడుపు రాదు, చిరాకు వస్తుంది, అదీ అమ్మ మీదే. సత్యనారాయణపురంలో మా ఇంటి దగ్గరి డాక్టరు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశాడు. అన్నీ నార్మల్. "వయసు పొగరమ్మా, ఫోన్ లాగేసుకోండి, దారికొస్తుంది" అన్నాడు నా ముందే. ఆయన మీద కోపం ఇంకా పోలేదు. పోవాలనీ లేదు.

డిప్రెషనేమో అని నేనే ఒకసారి నోరు జారాను. ఆ సాయంత్రం అమ్మ వంటింట్లోంచి పిన్నితో ఫోన్లో అంటోంది: "తిని పడుకోడానిక్కూడా ఇంగ్లీషు పేరొకటి వచ్చిందే ఇప్పుడు!"

రాత్రి అన్నం కలిపి తెచ్చింది. "నేను లేకపోతే నీకీ బాధ ఉండదు కదా" అన్నాను. కోపంతో కాదు, లెక్క చెప్పినట్టు. అమ్మ తిట్టలేదు. కంచం సింకులో పెట్టి, కుళాయి తిప్పకుండా అలాగే నిలబడిపోయింది. తర్వాత చాప తెచ్చి నా గది గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ఏంటిదని నాన్న అడిగితే "ఇక్కడ గాలొస్తోంది" అంది. నవంబరులో! గంటకోసారి "పడుకున్నావా?" అనేది. పలక్కపోతే లేచొచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఒళ్లు మండిపోయింది నాకు. కానీ తెల్లారేదాకా ఆ గొంతు కోసమే వింటూ ఉన్నాను.

బెజవాడలో అయితే ఎవరైనా చూస్తారని సైకియాట్రిస్టు కోసం గుంటూరు తీసుకెళ్లింది. ఎదురింటి ఆంటీకి మాత్రం పళ్ల డాక్టరని చెప్పింది. బస్సులోంచి మంగళగిరి కొండ కనిపించగానే చేతులు జోడించేది. ఆ డాక్టరమ్మ అమ్మని బయట కూర్చోబెట్టి నన్నొక్కదాన్నే మాట్లాడించింది. మాత్ర పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పినా, పదో రోజుకే మానేసి తిట్లు తిన్నాను. తగ్గాక కూడా నెలల తరబడి వాడాలి, మానడమైనా వాళ్లు చెప్పినట్టు మెల్లగానే. ఇవన్నీ మామూలే. ఒక కౌన్సెలింగులో అమ్మ ముందే పిన్నితో అన్న మాట బయటపెట్టాను. "అన్నానా?" అంది, అంతే. తప్పయిందని ఇప్పటికీ అనలేదు. ఆ వారం నుంచి మాత్రం నాకు జడ వేయడం మొదలుపెట్టింది, చిన్నప్పటిలాగే జుట్టు ఊడేట్టు లాగుతూ.

ఒకరోజు ఇంకో పెసరట్టు కావాలన్నానట. నాకు గుర్తులేదు, అమ్మకి గుర్తుంది.

చదువులో ఒక ఏడాది పోయింది. తగ్గాక పానకాల స్వామి మొక్కు తీర్చాం. పోసిన పానకంలో స్వామి సగం తాగి సగం మనకి వదిలేస్తాడంటారు. నాకు తగ్గడాన్ని కూడా అమ్మ అలాగే పంచింది: సగం స్వామికి, సగం మాత్రలకి. చాప మాట ఎత్తదు.

మీ ఇంట్లో పిల్ల "నేను లేకపోతే" లాంటి మాటంటే బెదిరిస్తోందనుకోకండి, ఒంటరిగా వదలకండి. అర్ధరాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, డబ్బులేం అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది 2022లో వచ్చింది, మాకప్పుడు లేదు.

ఎదురింటి ఆంటీ ఇప్పటికీ నా నోటివైపే చూస్తుంది. "క్లిప్పులు లేకుండానే భలే సెట్టయ్యాయే" అంది మొన్న. అమ్మ గబగబా లోపలికెళ్లిపోయింది.