నానమ్మకీ చోటుండే మంచం

ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్తే ఏజెంటు మెట్లెక్కుతూనే గదులు పంచేస్తుంది. కింద పెద్ద పడకగది మీకు, పైన ఇది పాపకి, అది బాబుకి. కింద వంటింటి పక్కన ఉన్నది ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళకి. టెక్సాస్‌లో ఈ డాలస్ శివార్లలో మనవాళ్ళు ఎన్ని ఇళ్ళు కొన్నారో గానీ ‘పేరెంట్స్ వస్తే’ అనే మాట బిల్డర్లకి కూడా ఒంటబట్టేసింది. ప్లాను కాగితం మీద అంతా చక్కగానే ఉంటుంది. పైన ఒక్కతే పడుకోవాల్సిన మూడేళ్ళ పిల్లని మాత్రం ఎవరూ అడగరు.

ఇక్కడి ఫర్నిచర్ షాపుల లెక్క ఒకటే. ఒక పిల్లకి ఒక గది, ఒక మంచం, మంచానికి తగ్గ ఒక నైట్ స్టాండు. మన లెక్క వేరు. కథ చెప్తూ పక్కన ఒరగాలి, జ్వరమొస్తే రాత్రంతా ఒంటిమీద చెయ్యేసి ఉండాలి, నానమ్మో అమ్మమ్మో వస్తే నాలుగైదు నెలలు ఉంటారు. అందుకే కొత్తగా పిల్లల గది సర్దుకుంటున్న వాళ్ళెవరు అడిగినా నేను చెప్పేది ఇదే: గది పిల్లదే కావచ్చు, మంచం మాత్రం పక్కన ఇంకో మనిషి పడుకుంటుందని అనుకునే కొనండి.

పసిబిడ్డ సంగతి వేరు. పిల్లల డాక్టరు మొదటి విజిట్లలోనే ‘బేబీ ఎక్కడ పడుకుంటోంది?’ అని అడుగుతారు. మనలో చాలామంది ‘క్రిబ్‌లోనే’ (క్రిబ్ అంటే చుట్టూ కమ్మీలుండే పసిపిల్లల మంచం) అనేసి మాట మార్చేస్తారు, వేరే గదిలో పడుకోబెట్టమంటారేమోనని భయం. నిజానికి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేది అది కాదు. కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే ఉంచమంటుంది. కాకపోతే ఒకే పక్క మీద వద్దు, బిడ్డకి విడిగా గట్టి, సమతలంగా ఉండే పరుపు ఉండాలి, అందులో దిండు, దుప్పటి, బొమ్మ ఏవీ ఉండకూడదు, వెల్లకిలా పడుకోబెట్టాలి. ఈ ఒక్క విషయంలో నేను అటూ ఇటూ బేరం పెట్టను, డాక్టరు మాటే.

అత్తయ్యగారు మాత్రం తెనాలి నుంచి ఆవాల దిండు తెచ్చారు. మెత్తటి పాత పంచె గుడ్డతో కుట్టింది, సూట్‌కేసులో పచ్చళ్ళ డబ్బాలకీ కారప్పొడికీ మధ్య పెట్టుకొచ్చారు. తల గుండ్రంగా వస్తుందట. ‘డాక్టరు దిండు వద్దన్నారు అత్తయ్యా’ అంటే, ‘సరేలే అమ్మాయ్, ఉయ్యాల నాడు పెడదాం’ అన్నారు. ఇరవై ఒకటో రోజున క్రిబ్‌కే చేమంతి దండలు కట్టి ఉయ్యాల వేడుక చేశాం. దిండు ఫొటోలో ఉంది. వేడుక అయ్యాక పూలతో పాటే దాన్నీ తీసేశాం.

క్రిబ్ గురించి ఇంకొక్క మాట. మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకే క్రిబ్ నాలుగైదు ఇళ్ళు తిరుగుతుంటుంది. తిరగనివ్వండి, మంచిదే. కానీ ఒకవైపు కమ్మీ కిందికి జారే పాతకాలపు క్రిబ్ అయితే ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకండి. వాటి అమ్మకాన్ని 2011 జూన్‌లోనే నిషేధించారు. కమ్మీల మధ్య సందు 2 3/8 అంగుళాలు మించకూడదు.

పిల్ల ఎత్తు 35 అంగుళాలకి వస్తోందంటే, లేదా కమ్మీ ఎక్కి దూకాలని చూస్తోందంటే క్రిబ్ పని అయిపోయినట్టే. అప్పుడు షాపువాళ్ళు కారు ఆకారంలో, రాకుమారి రథం ఆకారంలో ఉండే టాడ్లర్ మంచాలు, అంటే చిన్నపిల్లల బుల్లి మంచాలు చూపిస్తారు. అందులో పట్టేది మళ్ళీ ఆ క్రిబ్ పరుపే, సుమారు 28 అంగుళాల వెడల్పు, 52 పొడవు. పక్కన ఒరుగుదామంటే మోకాళ్ళ దాకా కూడా పట్టం. పిల్లని నిద్రపుచ్చడానికి నేలమీద కూర్చుని, మంచం అంచుకి గడ్డం ఆనించి కునికిపాట్లు పడే నాన్నలు ఈ ఊళ్ళో ఇంటికొకరు. ఆ దశే వద్దు, నేరుగా పెద్ద మంచానికి వెళ్ళిపోండి. పడతారని భయముంటే అంచుకి ఒక రెయిలింగ్ తగిలిస్తే చాలు, అదీ పిల్లకి రెండేళ్ళు నిండాకే.

పెద్ద మంచమంటే ఏది? ట్విన్, అంటే ఇక్కడ ఒక్కరి మంచం, 38 అంగుళాల వెడల్పు, 75 పొడవు. ఫుల్ 54, 75. క్వీన్ 60, 80. కింగ్ 76, 80. ఫుల్ అన్న పేరు చూసి మోసపోకండి. ఇద్దరు పడుకుంటే మనిషికి 27 అంగుళాలు, అంటే క్రిబ్ పరుపు పాటి కూడా రాదు. మేం తీసుకున్నది ట్విన్ ఎక్స్‌ఎల్, 38 వెడల్పు, 80 పొడవు, రెండు. కలిపితే సరిగ్గా కింగ్, విడదీస్తే రెండు మంచాలు. పైగా ఇక్కడి యూనివర్సిటీ హాస్టళ్ళలో చాలాచోట్ల ఉండేది ఈ కొలతే, కాబట్టి పదేళ్ళ తర్వాత దుప్పట్లు కూడా దానితో పాటే కాలేజీకి పోతాయి. షాపులో అమ్మే అబ్బాయి ‘ఇద్దరు అమ్మాయిలా?’ అని అడిగితే, ఒక్కతే, రెండోది వాళ్ళ నానమ్మకి అని మావారు చెప్పారు. కంప్యూటర్లో అలా రాసుకునే చోటు లేదనుకుంటా, ‘గెస్ట్’ అని కొట్టుకున్నాడు.

కింద పెద్దవాళ్ళ గది ఉంది కదా, మరి ఇదెందుకు? ఉంది. అందులో క్వీన్ మంచం, మీద పెట్టెలో చుట్టచుట్టి వచ్చిన మెమరీ ఫోమ్ పరుపు. అత్తయ్యగారు అక్కడ కొన్ని రాత్రులు పడుకుని, ఒక పొద్దున సంచీ, తలనొప్పి బామ్ పట్టుకుని పైకి వచ్చేశారు. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి మనిషిని తనలోకి దించుకుంటుంది. మనకి హాయి, మోకాళ్ళు అరిగినవాళ్ళకి మాత్రం అందులోంచి లేవడం బురదలోంచి కాలు లాక్కున్నట్టుంటుంది. ఆవిడ పుట్టిపెరిగింది నవారు మంచం మీద, బూరుగు దూది పరుపు మీద. నవారు వదులైతే విప్పి బిగించుకోవడం, దూది గడ్డకడితే విప్పి ఏకించి మళ్ళీ కుట్టించుకోవడం. ఫోమ్‌కి అలాంటి వైద్యమేదీ లేదు, కుంగితే పారేయడమే. ఆవిడకేమో ఏ పరుపైనా ఎండ చూడాలి. పెరట్లో కంచె మీద దిళ్ళు, దుప్పట్లు ఆరేస్తుంటే, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) వాళ్ళు చూస్తే మందలిస్తూ ఉత్తరం వస్తుందని మావారికి గుబులు.

పెద్దవాళ్ళ మంచానికి ముఖ్యం ఎత్తు. అంచు మీద కూర్చుంటే పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, మోకాలు సమంగా మడవాలి. అత్తయ్యగారికి నేల నుంచి పరుపు పైదాకా 19 అంగుళాలు కుదిరింది. ఇక్కడ పరుపు కింద వేసే స్ప్రింగుల పెట్టె, అదే బాక్స్ స్ప్రింగు, దానిమీద లావుపాటి పరుపు కలిస్తే సులువుగా 25 దాటుతుంది, అది ఎక్కాలంటే పీట కావాలి. అందుకని బాక్స్ స్ప్రింగు మానేసి, చెక్క పట్టీలు దగ్గరదగ్గరగా ఉన్న ఫ్రేము, అంచులు గట్టిగా ఉండే స్ప్రింగు పరుపులు తీసుకున్నాం. పరుపు కొనేటప్పుడు దానిమీద పడుకుని చూడటంతో పాటు అంచు మీద కూర్చుని లేచి చూడండి. షాపులో ఎవరూ చెయ్యరు గానీ పెద్దవాళ్ళకి అసలు పరీక్ష అదే.

రెండు పరుపులు కలిపితే మధ్యలో లోయ మిగులుతుంది. దానికి ఫోమ్ పట్టీలు అమ్ముతారు. నేను ఆన్‌లైన్లో వెతుకుతుండగానే అత్తయ్యగారు తన బొంతని పొడుగ్గా మడిచి ఆ సందులో కూరి, పైన కింగ్ షీటు వేసేశారు. పాత నేతచీరలు పొరలుపొరలుగా వేసి, వేలెడు దూరంలో వరసలుగా తెల్లదారంతో కుట్టిన బొంత అది. ఒక మూల ఆకుపచ్చ అంచు ఇంకా వెలిసిపోలేదు. మా అమ్మాయి నిద్రపట్టక ఆ మూలే లాగి లాగి నాలుగు కుట్లు విప్పింది. మళ్ళీ కుట్టిన దారం నీలం, ఇంట్లో అదే దొరికింది.

తల ఎటు పెట్టాలన్నది అసలు తగాదా. ఉత్తరం వైపు తల పనికిరాదు, ఇందులో మావారు, నేను, అత్తయ్యగారు ముగ్గురం ఒకటే పార్టీ. తీరా చూస్తే ఆ గదిలో ఖాళీగా ఉన్న గోడ ఉత్తరం గోడ ఒక్కటే. తూర్పున కిటికీ, పడమర క్లాజెట్ (బట్టల గూడు), దక్షిణాన తలుపు. తూర్పు తల శ్రేష్ఠం అంటారు, కానీ మేడమీద కిటికీ కింద మంచమేస్తే పిల్లలు ఎక్కి వేలాడతారు. పైగా పడకగది కిటికీ నిప్పు అంటుకుంటే బయటపడే దారి కూడా, దాన్ని ఏ సామానుతోనూ మూయకూడదు. చివరికి దక్షిణం తలే ఖాయమైంది. తలుపు తీస్తే మంచం కోడుకి కొట్టుకునేది, రబ్బరు అడ్డం పెట్టాం.

డ్రస్సర్, అంటే బట్టలు పెట్టుకునే సొరుగుల బల్ల, దాని విషయంలో మనవాళ్ళకి భయం తక్కువ. మన ఇనుప బీరువా ఇద్దరు తోసినా కదలదు, అదే ధైర్యం. చెక్కపొడి అతికించి చేసిన ఇక్కడి డ్రస్సర్లు తేలిక. పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కితే మీదికి ఒరుగుతాయి. అలా పిల్లలు చనిపోయాకే 2016లో ఐకియా అమెరికాలో దాదాపు 2.9 కోట్ల డ్రస్సర్లని వెనక్కి పిలిచింది. 2022 చివర్లో చట్టం వచ్చింది, 2023 సెప్టెంబరు 1 తర్వాత తయారైనవి ఒరగకుండా నిలబడే పరీక్ష దాటాలి. గరాజ్ సేల్‌లో కొన్న పాతదానికి ఆ పూచీ లేదు. ఏదైనా సరే, ఇక్కడి గోడల లోపల నిలువుగా ఉండే కర్రకి స్క్రూతో బిగించండి. అద్దె ఇల్లయితే ఓనరుతో ఒక మాట చెప్పండి. ఆ చిల్లు పూడ్చడానికి పిడికెడు పుట్టీ చాలు.

మా అబ్బాయికి బంక్ బెడ్, అదే మంచం మీద మంచం, అంటే పిచ్చి. ఆరేళ్ళు నిండకుండా పైన పడుకోకూడదన్నాను, నిండిన రోజు పొద్దున్నే గుర్తుచేశాడు. పై మంచం రెయిలింగు పరుపు మీద కనీసం 5 అంగుళాలు లేవాలి, లావు పరుపేస్తే ఆ ఎత్తంతా అదే మింగేస్తుంది. టెక్సాస్ ఇళ్ళలో ప్రతి గదికీ సీలింగ్ ఫ్యాను, వాడు లేచి కూర్చుంటే చెయ్యి దానికి అందకూడదు. మంచం మూలకి జరిపి, వాణ్ణి పైన కూర్చోబెట్టి చేతులు చాపించి చూశాకే బోల్టులు బిగించాం.

ఇంతకీ ఆ రెండు మంచాల గది మా అమ్మాయికి ఏం చేసిందంటే, తెలుగు ఇచ్చింది. ఇక్కడి తెలుగు బడి మనబడిలో అక్షరాలు వచ్చాయి, కాదనను. తమ్ముడి మీద చాడీలు చెప్పడానికి, బళ్ళో జరిగింది సాగదీసి చెప్పడానికి కావలసిన తెలుగు మాత్రం ఆ మంచం మీదే వచ్చింది. పగలు నానమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, లైటు తీశాక ‘అది కాదు నానమ్మా, నువ్వు ముందు విను’ అని మొదలుపెడుతుంది. స్నేహితురాలు ఒకమ్మాయి ఇంటికొచ్చి రెండు మంచాలు చూసి నీకు సిస్టర్ ఉందా అంటే, ‘నో, గ్రాండ్మా. షీ ఈజ్ మై రూమ్మేట్’ అంది. గొంతులో కాస్త గొప్ప కూడా వినిపించింది.

ఇప్పుడు పన్నెండేళ్ళొచ్చాయి. తలుపు తట్టి రమ్మంటోంది. గోడకి సన్నటి లైట్ల దండలు, కిటికీ పక్కన చదువుకునే బల్ల, రెండో మంచం తీసేసి బీన్ బ్యాగు కావాలంటోంది. పిల్ల అడిగిన దాంట్లో అన్యాయం ఏమీ లేదు. బల్ల వచ్చింది, లైట్లూ వచ్చాయి. మంచాలు విడదీసి రెండోదాన్ని పడమర గోడవైపు జరిపాం, క్లాజెట్ తలుపు సగమే తెరుచుకుంటోంది. నానమ్మ మే నెలలో వస్తున్నారు. ‘నా మంచం పారేశావంటే’ అని వీడియో కాల్లో ఇప్పటికే మనవరాలితో బేరాలు నడుస్తున్నాయి. సెలవుల్లో కలిపి, బడి తెరిచాక విడదీసి అన్న దగ్గర ఆగింది. బొంత ఎవరి మంచం మీద ఉండాలన్నది ఇంకా తేలలేదు.