చేజారిన ఆస్తి, చేరువైన మనిషి

యుద్ధకాలంలో చేజారిన ఇంటి ఆస్తిని రాబట్టుకునే నవలలను ఆదివారాలు హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరి కొనుక్కుంటాను. వాటిలో ప్రేమా ఉత్కంఠా ఒకే సందేహం నుంచి పుట్టాలని నా గట్టి అభిప్రాయం. మడతల దగ్గర చిరిగిన ఉర్దూ దస్తావేజును నాయిక కోసం చదువుతున్న యువకుడు, తన తాతగారి పేరున్న పంక్తిని దాటేస్తే, ఆమె అతణ్ణి ఇక ఎలా నమ్ముతుంది?

ఇలాంటి కథకు మన నగరంలోనే సామగ్రి ఉంది. 1948 సెప్టెంబరులో, హైదరాబాద్ సంస్థానంపై భారత సైన్యం జరిపిన పోలీసు చర్య రోజుల్లో, లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు నిజాం ప్రభుత్వపు సొమ్ము 10 లక్షల పైచిలుకు పౌండ్లు చేరాయి. తిరిగి ఇమ్మని నిజాం కోరినా బ్యాంకు ఇవ్వలేదు. 2019లో బ్రిటన్ హైకోర్టు భారతదేశానికీ నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పు చెప్పేనాటికి ఆ మొత్తం దాదాపు 3.5 కోట్ల పౌండ్లకు పెరిగింది. ఈ నేపథ్యంతో తెలుగులో ఒక మంచి నవల రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.