ఏ నీలమే తల్లీ?

సింగపూర్‌లో మా ఇంటి ముందు నడవాలో పెట్టుకున్న మందారం కుండీలో కిందటేడు ఒక పిట్ట గూడు కట్టింది. పీచునూ ఎండుటాకులనూ సాలెగూటి దారాలతో అతికి, సంచిలా వేలాడదీసి, పక్కన ద్వారమూ దానిపైన చిన్న చూరూ అమర్చుకున్న ఆ గూటిని చూసి మా ఏడేళ్ల అమ్మాయి "హమ్మింగ్‌బర్డ్!" అంది. బొమ్మల పుస్తకాల్లో పువ్వు దగ్గర కనిపించే బుల్లిపిట్ట ఎప్పుడూ అదే కదా. అవి అమెరికా ఖండాల పక్షులనీ, ఇది తేనెపిట్ట అనీ చెప్పాను. తేనెపిట్ట కూడా గాలిలో క్షణకాలం నిలవగలదు గాని, ఎక్కువగా కొమ్మను పట్టుకుని కూర్చునే వంపు ముక్కును పువ్వులోకి దించుతుంది.

అయితే ఏ తేనెపిట్ట? 2002లో ఇక్కడి నేచర్ సొసైటీ నిర్వహించిన ఓటింగ్‌లో జాతీయ పక్షిగా ఎక్కువమంది కోరుకున్న ఎర్ర తేనెపిట్టే అయితే బాగుండునని అమ్మాయి ఆశ. వీడియో కాల్‌లో రాజమండ్రి నుంచి మా అమ్మ రంగులడిగితే "ఎల్లో, బ్లూ" అంది.

"ఏ నీలమే తల్లీ? ఆకాశనీలమా, నెమలికంఠమా?"

చీరల బీరువా తెరిచి అమ్మ ఒక్కొక్క రంగూ చూపిస్తుంటే, గొంతూ రొమ్మూ నెమలికంఠమనీ, పొట్ట పసుపనీ, వీపు పొట్టు పెసల రంగనీ తేలింది. ఇన్నాళ్లూ ఆలివ్-బ్యాక్డ్ అని పిలిచి, ఇప్పుడు ఆర్నేట్ సన్‌బర్డ్ అంటున్న పిట్ట ఇదే. అమ్మ పెరట్లో తిరిగేదానికి వీపు మెరూన్, తోక మొదట్లో వంగపండు రంగు. అది వేరే జాతి.

నెమలికంఠం లేకుండా, గొంతు నుంచి పొట్ట దాకా పసుపుగానే ఉన్న మరో పిట్టను నేను ఇంకో జాతి అనుకున్నాను. రెండూ ఒకే గూటికి పురుగులు తెస్తున్నాయని కనిపెట్టి, అది ఆడపిట్ట అని నన్ను దిద్దింది మా అమ్మాయే.

మొన్న బొటానిక్ గార్డెన్స్‌లో ఎర్రది కనిపించింది. ఇంటికి రాగానే "అమ్మమ్మా, రొమ్మంతా పారాణి రంగు!" అని చెప్పింది.

"మరి తోకే రంగు?"

తోక చూడనేలేదట. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం.