మెగిద్దో దిబ్బ మీంచి హైఫా దాకా

ఇజ్రాయెల్‌లోని మెగిద్దో దిబ్బ ఎక్కితే యెజ్రెయేలు లోయంతా కళ్లముందు పరుచుకుంటుంది. టికెట్ కొని వచ్చేవాళ్లు పాత కోట రాళ్లు, నేలలోకి దిగే నీటి సొరంగం చూసి వెళ్లిపోతారు. నేను వెళ్లింది 1918 సెప్టెంబర్ కోసం, మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కీ మీద బ్రిటిష్ వాళ్లు గెలిచిన పోరు కోసం. నిజానికి ఆ యుద్ధంలో ఈ దిబ్బ దగ్గర జరిగిన పోరు స్వల్పమే. బైబిల్లో ఉన్న పేరు కదా, బ్రిటిష్ సేనాని అలెన్‌బీ వదులుకోలేదు, తన బిరుదులోనూ చేర్చుకున్నాడు.

అసలు పని జరిగింది సముద్రం పక్కన, షారోను మైదానంలో. అంతకుముందే తుర్కీ సేనను బాగా ఏమార్చారు. జోర్డాన్ లోయలో గుడ్డ గుర్రాలు నిలబెట్టి, కంచర గాడిదలతో దుమ్ము లేపించి, సేనంతా అటే చేరుతోందని నమ్మించారు. సెప్టెంబర్ 19 తెల్లవారుజామున 4.30కి ఇటు పక్కన వందల ఫిరంగులు మోగాయి. లాహోర్, మీరట్ డివిజన్ల సిపాయిలు కూడా ఉన్న కాల్బలం కొన్ని గంటల్లోనే కందకాల వరస తెంపేసింది. ఆ సందులోంచి గుర్రాలు దూరాయి. ఇప్పుడు 65వ నంబరు హైవే పోయే కనుమలోంచే ఒక డివిజన్ రాత్రికి రాత్రి ఈ లోయలో దిగింది. మర్నాడు తెల్లారేసరికి నజరేతు మీద ఇంకో దళం పడింది. అక్కడున్న, తుర్కీ సేనలను నడిపే జర్మన్ సేనాని లీమన్ ఫాన్ సాండర్స్ వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు.

రేవు పట్టణం హైఫాలో మా బావ తోడొచ్చాడు. నిజామాబాద్ వైపు నుంచి వెళ్లి అక్కడ కేర్‌గివర్‌గా చేస్తున్నాడు. భారత సైనికుల శ్మశానంలో, జోధ్‌పూర్ దళాన్ని నడిపిన మేజర్ దల్పత్ సింగ్ పేర 2017లో మోదీ ఆవిష్కరించిన ఫలకం ముందు ఆగాం. సెప్టెంబర్ 23న జోధ్‌పూర్ లాన్సర్లు, అంటే ఈటెలు పట్టిన రౌతులు, కర్మెలు కొండకీ కీషోను వాగుకీ మధ్యనున్న ఇరుకులో మెషిన్‌గన్లకు ఎదురెళ్లారు. వాగు ఒడ్డు ఊబి, గుర్రాలు దిగబడ్డాయి. దాంతో కొండవైపు మళ్లి మెషిన్‌గన్ల మీద పడ్డారు. మైసూర్ లాన్సర్లు కొండెక్కి పైనున్న ఫిరంగులు పట్టారు. దల్పత్ సింగ్ ఆ దాడిలోనే పోయాడు.

"మరి మనోళ్లేరి బామ్మర్దీ?" అన్నాడు బావ. నిజాం సేన హైఫా గెలిచిందని ఎవరో పంపిన మెసేజ్ అతని ఫోన్లో ఉంది. హైదరాబాద్ లాన్సర్లు అదే బ్రిగేడ్‌లో ఉన్నారు, ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే, కానీ ఈ దాడిలో మాత్రం లేరని చెప్పాను. బావ మొహం చిన్నబోయింది. నాకైతే ఆ చింత లేదు. షారోనులో దారి తెరిచిన కాల్బలం పేరు ఎంతమందికి తెలుసు? దమాస్కస్ అక్టోబర్ 1న పడింది, 30న తుర్కీ సంధికి ఒప్పుకుంది. ఆ నెలన్నరకు తలుపు తీసింది వాళ్లే. గుర్రం ఫొటోకి బాగుంటుంది, అంతే.

"సరే, ఈ లాన్సర్ల ఖర్చెవరు పెట్టిండ్రు? ఇంగ్లీషోడా?"

"కాదు, సంస్థానాలే పెట్టుకునేవి. మన వాళ్లకి నిజాం."

"నిజాం యాడికెల్లి తెచ్చిండు? మా తాతలు కట్టిన శిస్తే గదా!"