ఉంగటం తెగిన మంగళవారం

పొద్దున రైతుబజారు నుంచి వస్తుంటే కుడికాలి చెప్పు ఉంగటం పుటుక్కున తెగింది. ఒక చేతిలో కూరల సంచి, ఇంకో చేతిలో చెప్పు. కుంటుకుంటూ వేపచెట్టు కింద చెప్పులు కుట్టే తాత దగ్గరికి చేరాను. ఆయన దాన్ని అటూ ఇటూ వంచి చూసి, "ఇది తోలు కాదమ్మా, రెగ్జిను" అన్నాడు. కొన్నచోట అసలు లెదర్ అని ఒట్టేసి మరీ అమ్మారు! సరే, కుట్టమన్నాను.

ఆయన ఆరె దించుతుంటే నాకు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరం గుర్తొచ్చి నవ్వొచ్చింది. వారం రోజులుగా రాత్రిళ్లు మ్యూజియం వెబ్‌సైట్లలో ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవుల పాత జోళ్ల ఫొటోలు చూస్తున్నాను, ఇదో కొత్త పిచ్చి. వాళ్ల చర్చి కథ తెగిన చెప్పుతోనే మొదలవుతుంది. సువార్త రాసిన మార్కు అలెగ్జాండ్రియాలో అడుగుపెట్టేసరికి చెప్పు పట్టీ తెగిందట. అనియానస్ అనే ఆయన కుడుతూ కుడుతూ ఆరె చేతిలో గుచ్చుకుని, ఒక్కడే అయిన దేవుణ్ణి తలచుకుని అరిచాడట. మార్కు ఆ గాయం మాన్పి, ఆ మాటే పట్టుకుని బోధ మొదలుపెట్టాడు. మార్కు తర్వాత అక్కడి పేట్రియార్క్, అంటే చర్చి పెద్ద, అయింది ఆ చెప్పులు కుట్టినాయనే అంటారు. తాతకి చెబుదామనిపించింది గానీ, చేతిలో ఆరె ఉన్న మనిషికి ఈ కథేంటి అని ఊరుకున్నాను.

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని మళ్లీ ఫోన్ పట్టుకున్నాను. అఖ్మీమ్, ఆంటినోయె ఊళ్ల శ్మశానాల్లో దొరికినవే చాలావరకు. ఆంటినోయెలో ఆల్బెర్ గాయే అనే ఫ్రెంచి ఆయన 1896లో తవ్వకాలు మొదలుపెట్టాడు. వాన ఎరగని నేల కాబట్టి పదిహేను వందల ఏళ్లయినా తోలు మిగిలింది. అత్తయ్యకి ఒక ఎర్ర జోడు చూపించాను, పైన బంగారు రేకు అద్దకం ఇంకా మెరుస్తోంది. "శవానికి జోళ్లేమిటే, గడప లోపలికే రానివ్వం కదా!" అన్నారు. వాళ్లు మనిషిని ఉన్న మంచి బట్టల్లో పూడ్చేవారు అత్తయ్యా, కొందరికి జోళ్లు కూడా తొడిగేవారు అన్నాను. ఆవిడ కాసేపు చూసి, "పని మాత్రం బాగుంది" అని ఫోన్ తిరిగిచ్చారు.

ఆ పని సంగతే నాకు వారమంతా అంతుపట్టలేదు. ఫొటో ఎంత పెద్దది చేసినా అడుగు అట్టకీ పై తోలుకీ మధ్య కుట్టు కనబడదు. ఇవాళ దిండు గలీబు కుడుతుంటే తెలిసింది. ఇదీ అంతే! పై తోలు మంచివైపు లోపలికి పెట్టి, జోడుని తిరగేసి కుడతారు. చుట్టూ కుట్టేశాక తోలు తడిపి మెత్తబరచి, మెల్లగా లాగి బయటికి తిప్పుతారు. కుట్లన్నీ లోపలికి పోతాయి, దుమ్మూ రాళ్లూ వాటిని కోయలేవు. మందపాటి అట్టయితే తిరగదు కాబట్టి ఇవి పలచగా, చేతి తొడుగుల్లా ఉంటాయి. తిప్పేటప్పుడు చిరిగితే కుట్టినవాడి కష్టమంతా పోయినట్టే. నా గలీబు మూల తిప్పడానికే పావుగంట పట్టింది.

తోలు సంగతి ఇంకా బాగుంది. ఫారోల కాలంలో ఎక్కువగా నూనెలు పట్టించి మెత్తబరిచేవారు. చెట్ల కషాయంలో నానబెట్టి పదును చేయడం గ్రీకులు, రోమన్ల ఏలుబడిలో స్థిరపడింది. అక్కడ వాడింది నల్లతుమ్మ కాయలు. మన పల్లెల్లో తోళ్లు నానబెట్టే లందల్లో వేసిన తుమ్మచెక్క ఆ చెట్టుదే. దాని శాస్త్రీయ నామం చివర నిలోటికా అని ఉంటుంది, నైలు నది పేరు మీద. మా ఊరి చెరువుగట్టు తుమ్మలకి ఇంత గొప్ప పేరుందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

ధరలు కూడా చూశాను, ఆడబుద్ధి అనుకున్నా సరే. క్రీ.శ. 301లో రోమన్ చక్రవర్తి డయోక్లెటియన్ గరిష్ఠ ధరల పట్టీ వేశాడు. సెనేటర్ల జోళ్లు 100 డెనారీలు (అప్పటి రోమన్ నాణేలు), కంచరగాడిదలు తోలేవాళ్లూ రైతులూ వేసుకునే మొరటు బూట్లు 120, ఆడవాళ్ల బూట్లు 60. పొలం కూలీకి రోజుకి తిండి పెట్టి 25. అంటే ఒక జత బూట్లకి దాదాపు అయిదు రోజుల కూలి.

చెప్పడం మరిచాను, వాళ్ల ఉన్ని సాక్సులు! ఈజిప్టులోని ఆక్సిరింకస్ అనే పాత ఊళ్లో దొరికిన ఎర్ర జత లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. బొటనవేలు విడిగా, ఉంగటం చెప్పుల్లో దూరేట్టు. చలికాలంలో అత్తయ్య వేసుకునేవి అచ్చం అలాగే ఉంటాయి. ఆవిడకి చూపిస్తే, "నావి కొంచెం నయం, మడమ దగ్గర సరిగ్గా ఉంటాయి" అన్నారు.

సాయంత్రం చెప్పు వేసుకుని మళ్లీ నడిచాను. తాత గట్టిగానే కుట్టాడు. గోధుమరంగు రెగ్జిను మీద నల్లదారం, పైకే కనబడుతోంది, ఆరు కుట్లు.